నేను ఏరుకున్న పాట

మా వీధి చివరి ఇంటి టీచరమ్మకు రిటైరయ్యాక ఆదివారం మధ్యాహ్నాలు పొద్దుపోయేది కాదు. వనపర్తిలో పొద్దున్నే కలిసి నడిచే ఆడవాళ్లం నలుగురం ఉన్నాం. ఆమె, బ్యాంకులో పనిచేసే ఒక స్నేహితురాలు, మిషను కుట్టే ఒక అక్క, రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే నేను. ఒక్కో ఆదివారం ఒక్కొక్కరు తమకు బాగా ఇష్టమైన ఆల్బమ్ ఒకటి తేవాలనీ, అందులో రెండు మూడు పాటలు వినిపించి ఎందుకు ఇష్టమో చెప్పాలనీ టీచరమ్మ నియమం పెట్టింది.

"సినిమా పాటలొద్దు. అవి అందరికీ ఎర్కే గదా. మీరొక్కరే ఇనేటివి తేండ్రి," అంది.

మొదటి వారం ఆమే మొదలుపెట్టింది. సొంతంగా తత్వాలు కట్టి పాడుకున్న ఒక పెద్దాయన రికార్డింగు వినిపించింది. రెండోవారం బ్యాంకు స్నేహితురాలు వాళ్ల పుట్టింటివైపు, రాయచూరు దగ్గర, ఏక్‌తార మీటుతూ తన పదాలు తానే పాడే ఒకాయన ఆల్బమ్ తెచ్చింది. కన్నడం మాకు సగమే అర్థమైంది. ఆమె పాట ఆపి ఆపి తెలుగులో చెప్పింది. ఒకచోట చెప్పడం మాని, ఆ చరణాన్నే మళ్లీ పెట్టింది. మూడోవారం మిషను అక్క వంతు. "నాకేం తోస్తలేదు, నువ్వు చేసెయ్యి," అని నా మీదికి తోసేసింది.

నేను లోపల సంతోషించాను. ఆ మాట చెప్పడానికీ ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

నేను పుట్టింది గద్వాలలో, చీరలు నేసే ఇంట్లో. మగ్గం ఆడుతున్నంతసేపూ రేడియోలో ఏ పాట వస్తున్నా తెలిసేది కాదు. దారం తెగినప్పుడో, నాన్న నీళ్లు తాగడానికి లేచినప్పుడో ఒక చరణం ముక్క వినబడేది. మళ్లీ మగ్గం కదిలేది. పాటను మొదటినుంచి చివరిదాకా ఏ అడ్డూ లేకుండా వినడం నాకు ఉద్యోగం వచ్చాకే, బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాకే తెలిసింది. అందుకేనేమో, తమ పాట తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని, పెద్ద వాయిద్యాలేవీ లేకుండా పాడేవాళ్లంటే నాకు ఇష్టం. పక్క సీట్లో కూర్చుని మనకొక్కరికే చెబుతున్నట్టుంటుంది.

అలాంటి ఒక అమ్మాయి ఆల్బమ్ నాకు ఫోన్లో దొరికింది. ఏ ఊరిదో ఎక్కడా రాసుకోలేదు. ఒక గిటారు, ఒక గొంతు, అంతే. మధ్యలో కుర్చీ కిర్రుమనడం కూడా వినబడుతుంది. అందులో మూడో పాట నాకు ప్రాణం. అంట్లు తోముతూ విన్నాను, ల్యాబ్‌కు నడుస్తూ విన్నాను, జ్వరమొచ్చి పడుకున్నప్పుడు విన్నాను. మా ఆయనతో కూడా ఆ పాట సంగతి ఎప్పుడూ అనలేదు. ఈ ముగ్గురికీ దాన్ని ఎలా పరిచయం చేయాలో వారమంతా మనసులో మాటలు పేర్చుకున్నాను.

ఆదివారం నేను చీర మార్చుకుంటుంటే అత్తమ్మ గడపలో నిలబడింది. మా ఆయన పనిచేసే మోటార్ల దుకాణం కొత్తకోటలో ఉంది. ఆదివారం కూడా తెరుస్తారు.

"నేనొస్త. ఇంట్ల ఒక్కదాన్నే ఏం జేస్త?" అంది.

మామయ్య పోయాక లింగాల దగ్గరి పొలం కౌలుకిచ్చి ఆమె మా దగ్గరికి వచ్చేసింది. ఆమెకు దగ్గు. పెద్ద జబ్బేమీ కాదు, ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ము అన్నారు దవాఖానలో. తెల్లవారుజామున మొదలై ఎండ వచ్చేదాకా ఉంటుంది. మా గదికీ ఆమె గదికీ మధ్య ఒకటే గోడ.

ఇవన్నీ నాకు తెలుసు. ఆ పాటలో ఏముందో కూడా తెలుసు. అయినా ఆ రెండూ నా తలలో ఒకచోటికి రాలేదు. "రా అత్తమ్మా," అన్నాను.

టీచరమ్మ ఇంట్లో అత్తమ్మకు ఫ్యాను కింద కుర్చీ వేశారు. నేను నా ఉపన్యాసం ఇచ్చాను. ఈ అమ్మాయి మాటల్ని అలంకరించదు, ఉన్నదున్నట్టు చెబుతుంది, అదే ఆమె గొప్ప అన్నాను. స్పీకరుకు ఫోను కలిపి మూడో పాట పెట్టాను.

ఇయర్‌ఫోన్లలో విన్నప్పుడు ఆ పాట నాకు ఎక్కువగా గిటారు, ఆ గొంతులో చిన్న వణుకు. స్పీకర్లో, నలుగురి మధ్య, మాటలు ఒక్కొక్కటే బయటికొచ్చి గదిలో నిలబడ్డాయి. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. పక్కగదిలో ముసలామె. తెల్లవారుజామున దగ్గు. ఆ దగ్గు ఆగిపోతే బాగుండని ఒకరోజు అనుకున్నానని పాడుతుంది ఆ అమ్మాయి, అనుకుని భయపడ్డానని పాడుతుంది. తాళంచెవి తన దగ్గరే ఉండే ఒక్క గది కావాలంటుంది, ఎవరి ఊపిరీ వినబడని గది.

మొదటి చరణం కాకముందే నేను ఏం పెట్టానో నాకు తెలిసింది. ఫోను నా ఒళ్లోనే ఉంది. వేలు తాకిస్తే ఆగిపోయేది. ఆపితే ఎందుకు ఆపానో అందరికీ తెలిసిపోతుందని ఆపలేదు. తలెత్తి చూస్తే అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. దగ్గు వస్తోంది ఆమెకు. ఆపుకుంటోంది. ముఖం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, భుజాలు కదులుతున్నాయి, చప్పుడు మాత్రం రానివ్వడం లేదు. పాట అయ్యేదాకా అలాగే ఉంది.

"మంచిగుంది," అంది మిషను అక్క, పాట ఇంకా పూర్తిగా ఆగకముందే. బ్యాంకు స్నేహితురాలు తన గాజులు చూసుకుంటోంది. "టీ పెడ్త," అని టీచరమ్మ లేచింది.

అత్తమ్మ వాకిట్లోకి వెళ్లి దగ్గి, నోరు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

"గా పిల్లది ఏ ఊరు?" అని అడిగింది నన్ను.

"తెల్వదు అత్తమ్మా."

"పెండ్లయిందా?"

"అయిందేమో."

"ఊఁ," అంది. రెండో పాట పెట్టమని ఎవరూ అనలేదు.

ఇంటికొచ్చే దారిలో అత్తమ్మ కొత్తిమీర కొనుక్కుందామంది. కొన్నాం. నాతో మామూలుగానే మాట్లాడింది. మర్నాడు తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది, కానీ గోడ అవతల ఏమీ వినబడలేదు. లేచి చూస్తే గది ఖాళీ. పెరట్లో, నీళ్ల తొట్టి వెనకాల, చలిలో చెంగు తలమీద కప్పుకుని కూర్చుని దగ్గుతోంది. నన్ను చూసి, "నువ్వు పో, పండుకో," అంది. ఆ తర్వాత రోజూ అంతే. వంటింటి కిటికీలోంచి నాకు ఆమె వీపు కనిపించేది.

"అమ్మేంది, పొద్దుగాల్నే బయట కూసుంటుంది?" అని అడిగాడు మా ఆయన.

"గాలికేమో," అన్నాను. నా నోటినుంచి అబద్ధం అంత తేలిగ్గా రావడం నాకే అసహ్యమనిపించింది.

ఒకరోజు ఉండబట్టలేక ఆమె పక్కన తొట్టి గట్టుమీద కూర్చున్నాను. "అత్తమ్మా, ఆ పాట నేను రాసింది కాదు. ఎవరో రాసుకున్నరు. నేను రాగం కోసం ఇంట, అంతే," అన్నాను.

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

"రాసింది ఆమెనే. ఏరుకున్నది నువ్వే గద బిడ్డా. గన్ని పాటలుండంగ గదే ఎందుకు ఏరుకుంటివి?"

నా దగ్గర జవాబు ఉంది, చెప్పేది కాదు.

ఆ వారంలోనే, పల్లీలు వచ్చాయి, ఒలవడానికి మనుషులు లేరట అని చెప్పి నాగర్‌కర్నూల్‌లో మా ఆడబిడ్డ ఇంటికి వెళ్లిపోయింది. మా ఆయన బండిమీద దింపి వచ్చాడు. ఆ మర్నాడు నేను ఎండ ముఖాన పడేదాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. లేచి కూర్చుని, ఎంత హాయిగా నిద్రపట్టిందో అనుకున్నాను. అనుకున్న వెంటనే ఏం అనుకున్నానో అర్థమైంది. టీచరమ్మ ఇంట్లో పడిన సిగ్గు నలుగురి ముందు పడినది. ఈ సిగ్గు నేనొక్కదాన్నే ఉన్నప్పుడు పడ్డది. ఇది ఎక్కువ కుదిపింది.

సెలవు పెట్టి నాగర్‌కర్నూల్ బస్సెక్కాను. దారంతా ఒకటే భయం, అత్తమ్మ కూతురికి చెప్పే ఉంటుంది, ఏ ముఖం పెట్టుకుని పోవాలని. ఆడబిడ్డ నవ్వుతూ ఎదురొచ్చింది.

"మీ పాటల ముచ్చట అమ్మ చెప్పింది వదినా. అందరు కూసోని మంచిగ పాటలింటరంట గదా. మా వదినకు మస్తు తెలుసు అని చెప్పింది."

తలవంచుకుని చెప్పులు విప్పాను.

అత్తమ్మ మిద్దెమీద పల్లీలు ఒలుస్తోంది. నేనూ కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. కాసేపటికి, "నన్ను తిట్టు అత్తమ్మా," అన్నాను.

"తిట్టేదేముంది? మేం కట్టలేదా పాటలు?"

"ఏం పాటలు?"

"నాట్లేసేటప్పుడు. ఒకామె ఎత్తుకుంటే ఒకామె అందుకునేది. కొన్ని నేనే కట్టిన. అన్ని అత్తల మీదనే." చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి పాడింది.

"గొంగడి గప్పి గోడకానుకున్నదే మా అత్త
కండ్లు మూసుకున్నా చెవులు మూయనిదే మా అత్త"

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. తర్వాతి చరణంలో అత్తను పాము కరిచినా పామే చస్తుందని ఉంది. ఆ మాట దగ్గర ఆమె నవ్వు ఆగక దగ్గొచ్చి, ఒళ్లోని పల్లీలన్నీ ఒలికిపోయాయి. ఇద్దరం ఏరుకున్నాం. ఏరుతూ ఏరుతూ, నా వైపు చూడకుండానే అంది,

"కాని మా అత్త ముందల పాడలే."

ఆమె క్షమించిందనుకుంటాను. జరిగినదాన్ని ఊరికే వదిలేయడం మాత్రం ఆమెకు ఇష్టం లేదు. న్యాయమే. ఇంటికి రమ్మని అడిగాను. "వస్త తియ్. ఈ పల్లీలు కానీ," అంది. ఇంకో పాట పాడమంటే, "పో, నీకు ఇనిపిస్తే నలుగుర్ల పెడ్తవు," అంది. హాస్యానికే అంది. నేను మళ్లీ పల్లీల మీదికి వంగాను.

సాయంత్రం తిరుగు బస్సులో ఫోను తీస్తే బ్యాంకు స్నేహితురాలు మెసేజ్ పెట్టి ఉంది. "ఆ పిల్ల ఆల్బమ్ పేరేంది? జర పంపు. మా ఇంట్ల గూడ అత్త ఉంటది. ఇయర్‌ఫోన్లు పెట్టుకోనే ఇంట."

పంపాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నాకు ఆ అమ్మాయి పాటలు ఇప్పటికీ ఇష్టమే. అందుకు కూడా సిగ్గుగానే ఉంది. చివరికి పేరు పంపాను. ఎందుకు బాగుంటుందో, ఏ పాట ముందు వినాలో ఏమీ రాయలేదు.