చెవి వెనక పిడుదు

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏట, ఒక శనివారం పొద్దున మంచం దిగబోతే నా కాళ్ళు నన్ను మోయలేదు. రెండూ తడిగుడ్డల్లా మడతపడిపోయాయి. నొప్పి లేదు, దెబ్బ లేదు. నేలమీద కూలబడి, ఎవరివో కాళ్ళను చూసినట్టు నా కాళ్ళను నేనే చూస్తూ ఉండిపోయాను. లెమ్మని వాటికి ఎన్నిసార్లు చెప్పినా అవి వినలేదు. ఎనభై దాటిన ఈ వయసులో కూడా మంచం దిగేముందు ఒకసారి కాళ్ళు కదిపి చూసుకుంటాను.

మాది మాచర్లకు దగ్గర్లో, కొండల వారనున్న పల్లె. నాన్న మిషన్ బడిలో పంతులు. అప్పటికి తమ్ముడు పుట్టి పదిరోజులే అయింది. అమ్మ బాలింత కావడంతో నన్ను పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. అందుకే ఆ వారం మొదట్లో, చీపురుగడ్డి కోసుకు రావడానికి వెళుతున్న పక్కింటి అవ్వ వెంట నన్ను కొండకు పంపారు. అవ్వ నలభై ఏళ్ళుగా మేకలు కాసిన మనిషి. బయలుదేరేముందు నా కాళ్ళకు కానుగనూనె రాసింది. బాట నడుమనే నడవమంది. పశువులు పడుకున్న గడ్డిలో కూర్చోవద్దంది. పశువుల నెత్తురు తాగే పిడుదు పురుగు గడ్డికొసన కాచుకొని ఉంటుందట, పక్కనుంచి పోయే ఒంటిని పట్టుకుంటుందట.

దిగి వచ్చేటప్పుడు వాగు పక్కన బండమీద నన్ను నిలబెట్టి బట్టలు దులిపింది. మోకాళ్ళ వెనక, చంకల్లో, బొడ్డు చుట్టూ వెదికింది. మోకాలి వెనక పాకుతున్న ఒకదాన్ని తీసి రాయితో నలిపేసింది. ఆ తర్వాత జడ విప్పమంది. ఆ ఉదయమే మా పిన్ని తన ఊరికి వెళ్ళిపోతూ నాకు ఎర్ర రిబ్బనుతో మడతజడ వేసింది. విప్పితే మళ్ళీ అలా వేసేవాళ్ళు లేరు. అవ్వ గడ్డిమోపు కట్టుకుంటూ అటు తిరిగినప్పుడు, "చూసుకున్నా అవ్వా, ఏం లేదు" అనేశాను. అవ్వ నమ్మింది. ఆ జడను అయిదు రోజులపాటు విప్పకుండా కాపాడుకున్నాను.

శుక్రవారం ఆటలో రెండుసార్లు తూలి పడ్డాను. శనివారానికి కాళ్ళు పోయాయి. పొద్దెక్కేసరికి చేతులు కూడా బరువెక్కాయి. నీళ్ళగ్లాసు పట్టుకోబోతే జారిపోయింది. నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా ముందు మాచర్లలో రైలు అందుకోవాలి. నాన్న బండి కోసం పరుగెత్తాడు. వాకిట్లో చేరినవాళ్ళలో గాలి సోకిందని కొందరు, పక్షవాతమని కొందరు అంటున్నారు. ఆ మాటలన్నీ నాకు వినబడుతూనే ఉన్నాయి.

సంగతి తెలిసి అవ్వ గుమ్మం దాకా వచ్చింది. అమ్మ చంటివాణ్ణి పక్కన పడేసి లేచింది.

"నా బిడ్డను కొండకు తీసకపోయి ఏం చేశావు? నా గడప తొక్కమాక!"

అమ్మ నోట అలాంటి మాట నేను ఎన్నడూ వినలేదు. అవ్వ మాత్రం గడప దాటి లోపలికి వచ్చి నా పక్కన కూర్చుంది. "మేకపిల్లలు ఇట్టాగే పడిపోవటం చూశా. తిట్టేది తర్వాత తిట్టు తల్లీ, ముందు జడ ఇప్పనీ" అంటూ రిబ్బను లాగేసింది.

ఆమె వేళ్ళు నెత్తినుంచి మెడదాకా పాకి, కుడిచెవి వెనక ఆగాయి. జుట్టు పక్కకు తీసి చూపించింది. ఆముదపు గింజంత పిడుదు, తల నా చర్మంలో దూర్చి, నెత్తురు తాగి ఉబ్బి ఉంది. చూసిన వాళ్ళంతా ఒక్క అడుగు వెనక్కి వేశారు. మా బాబాయి వెలుగుతున్న చుట్టతో ముందుకు వంగితే అవ్వ అతని చెయ్యి విసిరి కొట్టింది.

"కాల్చమాక! మంట తగిల్తే కడుపులోని ఇసమంతా పిల్ల ఒంట్లోనే కక్కుద్ది."

ముళ్ళు తీసే చిన్న పట్టకారు తెప్పించింది. పిడుదు పొట్టను నొక్కకుండా, చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా, నిటారుగా లాగింది. మొత్తం ఊడి వచ్చిందో లేదో వెలుతురులో చూసుకుని నిప్పుల్లో వేసింది. ఆ చోటును సబ్బునీళ్ళతో కడిగింది.

"ఆ రోజే తల చూడలేదా?" అని అడిగింది అమ్మ.

అవ్వ నావైపు చూసింది. ఒక్క చూపే. "చూడలా తల్లీ. నాదే మరుపు" అంది.

అప్పటికి నా చేతులు లేవకపోయినా నాలుక బాగానే ఆడుతోంది. అయినా నేను నోరు విప్పలేదు.

నాన్న బండితో వచ్చేసరికి నా కాలివేళ్ళు కదులుతున్నాయి. సాయంత్రానికి గ్లాసు పట్టుకోగలిగాను. మర్నాడు గుడిగంట వేళకు గోడ పట్టుకుని నడిచాను. ఊరంతా ఆశ్చర్యపోయింది. అంత చిన్న పురుగు నన్ను పడగొట్టడం ఒక వింత, దాన్ని తీసేయగానే నేను లేవడం ఇంకో వింత. అమ్మ ఆనందంతో ఏడుస్తుంటే ఇక దాచలేకపోయాను. జడ సంగతి, అబద్ధం సంగతి అప్పుడు చెప్పాను.

అమ్మ నన్ను కొట్టలేదు. పురిటి గది దాటి బయటకు రాకూడని రోజులవి. చంటివాణ్ణి ఎత్తుకుని, చెప్పులు కూడా లేకుండా, ఊరు చూస్తుండగా అవ్వ ఇంటికి నడిచింది. వెళ్ళి అవ్వ రెండు చేతులూ పట్టుకుంది. అవ్వ మాత్రం, "ఎండలో పసిగుడ్డును తెచ్చావేందే?" అని కసిరి, తమ్ముణ్ణి తన ఒళ్ళోకి తీసుకుంది.

పెద్దయ్యాక, మా పిల్లలు పొలం వెళ్ళొచ్చినా, కొండ దిగొచ్చినా, వాళ్ళ తలలు నేనే స్వయంగా చూశాను. "చూసుకున్నాం" అన్నా నమ్మలేదు. కానీ ఆ రోజునుంచి నేను మోస్తున్నది ఆ జాగ్రత్త ఒక్కటే కాదు. కాళ్ళూ చేతులూ పడిపోయిన పూటను నేను ఎప్పుడో క్షమించాను. నాలుక ఆడుతూ కూడా, నా తప్పు ఇంకొకరి నెత్తిన పడుతుంటే చూస్తూ ఊరుకున్న ఆ కాసేపటిని మాత్రం నేటికీ క్షమించలేకపోయాను.