ఆవకాయ జాడీలో మంచు నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుని మాటలు ఎక్కువగా వినిపించిన చోటు వంటిల్లు. సముద్రాల అవతల మేమున్న సస్కటూన్ ఊళ్ళో మా వీధి చివరే చర్చి ఉండేది. ప్రతి ఆదివారం వెళ్ళేవాళ్ళం, పాస్టరుగారు ఇంగ్లీషులో చక్కగానే చెప్పేవారు. ఆయన చెప్పినవి ఒక్కటీ గుర్తు లేదు, దేవుడు నన్ను మన్నించాలి. గుర్తున్నవన్నీ మా అమ్మమ్మ గుంటూరు నుంచి వచ్చి మాతో ఉన్న ఒకే ఒక్క చలికాలంలో, స్టవ్ పక్కన నిలబడి చెప్పినవే.

ఆవిడకు ఏ పని చేస్తున్నా వాక్యమే గుర్తొచ్చేది. కందిపప్పులో రాళ్ళు ఏరుతుంటే ఒకటి, పిండి జల్లిస్తుంటే ఒకటి, పాలు పొంగితే ఇంకొకటి. అత్తగారు ఉప్పు డబ్బా మూత తీస్తే చాలు, ప్రసంగం మొదలవుతుందని మా నాన్న చాటుగా నవ్వేవారు. నాకు తొమ్మిదేళ్ళు. నాకూ నవ్వే వచ్చేది. ఆ నవ్వు ఎలా ఆగిపోయిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అమ్మమ్మ వస్తూ వస్తూ తన పెట్టెలో సగం బరువు ఆవకాయే తెచ్చింది. ఆ రోజుల్లో మా ఊళ్ళో మన సరుకులు దొరికే కొట్టు లేదు. రెండేళ్ళకోసారి ఎవరైనా ఇండియా నుంచి వస్తే తెచ్చిందే ఆవకాయ, అది అయిపోతే మళ్ళీ ఎదురుచూపులే. అమ్మ తన పెళ్ళికిచ్చిన పింగాణీ జాడీని కడిగి, రెండు రోజులు హీటర్ పక్కన ఆరబెట్టి, ఆవకాయను అందులోకి మార్చింది. పైన నూనె తేలేలా సర్ది, మూత మీద గుడ్డ కట్టి, కింది అరలో పెట్టింది. తర్వాత అందరినీ పిలిచి ఒకటే మాట చెప్పింది. తడి గరిటె తగలకూడదు, తడి చెయ్యి అసలే తగలకూడదు. అమ్మమ్మ తిరిగి వెళ్ళిపోయాక కూడా ఏడాది పొడుగునా రావలసిన పచ్చడి అది.

అందరూ అంటే మేం నలుగురం, మా ఇంటి బేస్‌మెంట్‌లో ఉండే అక్క. ఆమెది వరంగల్ వైపు. యూనివర్సిటీలో వ్యవసాయం చదువుతూ, అక్కడి క్యాంటీన్‌లోనే పార్ట్ టైమ్ పని చేసేది. అద్దెకు వచ్చిన మనిషే గానీ రాత్రి భోజనం మాతోనే. నా లెక్కలు చూసేది, జడ వేసేది, నేను ఇంగ్లీషులో జవాబిస్తే తెలుగులో చెప్పేదాకా వదిలేది కాదు. ఇంట్లో నాకు అమ్మ తర్వాత అమ్మ అన్నట్టుండేది.

ఇక నా సంగతి. ఆవకాయ లేనిదే నాకు ముద్ద దిగేది కాదు. అన్నంలో చాలక, బడి నుంచి రాగానే ఒక ముక్క ఊరికే చప్పరించాలి. ఒకరోజు వాకిట్లో మంచులో ఆడి ఆడి, గ్లోవ్స్ తడిసి ముద్దయ్యాక లోపలికి వచ్చాను. అమ్మ పైన బట్టలు మడతపెడుతోంది. గ్లోవ్స్ లాగి పారేసి, గుడ్డ విప్పి, చెయ్యి నేరుగా జాడీలో పెట్టాను. వేళ్ళ సందుల్లో ఉన్న మంచు అప్పుడే కరుగుతోంది. చుక్కలు నూనె మీద పడి చిన్న చిన్న గుండ్రాలుగా నిలవడం నా కళ్ళతో చూశాను. చూసి కూడా ముక్క తీసుకుని మూత పెట్టేశాను. ఒక్కరోజైతే దేవుడు కాపాడేవాడేమో, వరసగా మూడు రోజులు అదే పని చేశాను.

పది రోజులకు అమ్మ మూత తీసి కెవ్వుమంది. పైనంతా తెల్లగా బూజు.

ఆ కేక విని అందరం వంటింట్లోకి వచ్చాం. అమ్మ ఎవరినీ తిట్టలేదు. కానీ చూపు తిన్నగా వెళ్ళి అక్క దగ్గర ఆగింది. ఆ వారంలోనే రెండుసార్లు అక్క ఆలస్యంగా లేచి, పనికి పరిగెడుతూ, ఆవకాయ వేసుకుని నిలబడే రెండు ముద్దలు తిని వెళ్ళింది. అక్క ముఖం పాలిపోయింది. ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "నేనే తడి చెంచా పెట్టినట్టున్న ఆంటీ. డ్యూటీకి లేటయితుందని ఉరుకులాటల ఉన్న, చూసుకోలే."

నేను అమ్మమ్మ వెనక నిలబడి ఉన్నాను. నోరు తెరవడానికి అంతకంటే మంచి సమయం రాదు. తెరవలేదు. భయం ఒక పక్క, గండం గడిచిందన్న సంతోషం ఒక పక్క. అవును, సంతోషమే. సిగ్గుపడుతూనే ఒప్పుకుంటున్నాను.

ఆ సంతోషం భోజనాల వేళ వరకే నిలిచింది. అక్క పైకి రాలేదు. పిలిస్తే ఆకలి లేదంది. మర్నాడు కూడా అంతే. మూడోనాడు ఆమె బ్రెడ్ ప్యాకెట్ ఒకటి, జామ్ సీసా ఒకటి కొని తెచ్చుకుని కిందే తినడం మొదలుపెట్టింది. అమ్మకు మనసులో బాధగానే ఉందని తెలుస్తూనే ఉంది, కానీ పంతం కూడా ఉంది. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ప్రతివాళ్ళూ ఒక మాట చెప్పి ప్రార్థించాలి. నా వంతు రాగానే అమ్మమ్మ చెప్పిన మాటే మళ్ళీ అప్పజెప్పేదాన్ని. "మా అపరాధములు క్షమించుము" అనే చోట పెదవులు మాత్రం కదిపి ఊరుకునేదాన్ని. దేవుడికి వినపడకపోతే గుర్తు రాదనుకున్నానో ఏమో.

ఆ శనివారం మధ్యాహ్నం అమ్మా నాన్నా సరుకులకు వెళ్ళారు. అమ్మమ్మ నన్ను పిలిచి, జాడీ తీసి బల్ల మీద పెట్టింది. అమ్మ దాన్ని పారేద్దామంటే పారేయనివ్వలేదు ఆవిడ. నా చేతికి పొడిగుడ్డ ఇచ్చి, నాలుగు గరిటెలు ముందు పెట్టి తుడవమంది. తుడిచాను. చూసి మళ్ళీ తుడవమంది. మళ్ళీ తుడిచాను. అప్పుడు మూత తీసి, జాడీని నా వైపు జరిపింది.

వారం క్రితం కంటే బూజు ఎక్కువైంది. దట్టంగా, దూదిలా. "మూత పెట్టి కూచుంటే తగ్గిద్దేమో అనుకున్నా అమ్మాయ్, పెరిగింది చూడు" అంది అమ్మమ్మ, వాతావరణం గురించి చెబుతున్నంత మామూలుగా. తర్వాత పొడి గరిటె నా చేతికిచ్చి తీయమంది.

తీశాను. తెల్లది పోయింది, దాని కింద రంగు మారిన పొర వచ్చింది. అదీ తీయమంది. చెడింది కనపడినంత వరకు తీసి, ఇంకాస్త తీయాలట. నాకు ప్రాణం పోయినంత పనవుతోంది, జాడీ అంతా ఇలాగే ఉంటుందేమోనని. నాలుగు వేళ్ళ లోతు వెళ్ళాక గరిటెకు ఎర్రగా, నిగనిగలాడుతూ ముక్కలు తగిలాయి. ఆవపిండి ఘాటు గుప్పుమని ముక్కుకు కొట్టింది. కిందంతా బాగుంది. మూడొంతులు బాగుంది. ఆ ఎర్రటి నూనె చూడగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. గరిటె పట్టుకునే అంతా చెప్పేశాను. మంచు, గ్లోవ్స్, మూడు రోజులు, అక్క, ప్రార్థనలో పెదవులు కదపడం, అన్నీ.

అమ్మమ్మ కోప్పడలేదు, ఆశ్చర్యపోలేదు కూడా. నా కళ్ళు తన చీర చెంగుతో తుడిచి, చెంగు తడిసింది గనుక జాడీకి దూరంగా జరిగి నిలబడింది. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. తనకు ముందే తెలుసంది. ఎలా తెలుసో అడిగాను. బూజు కనపడిన రోజు నుంచి ఇంట్లో అందరూ అటకమీది పాత నిమ్మకాయ పచ్చడి వేసుకుంటూ, ఆవకాయ పోయిందే అని నిట్టూరుస్తున్నారట. ఆవకాయ లేనిదే ముద్ద దిగని పిల్ల ఒక్కతే ఒక్కసారి కూడా దాని పేరెత్తలేదట.

మరి అమ్మకు ఎందుకు చెప్పలేదని నేనే ఎదురడిగాను. "నేను చెబితే మీ అమ్మ కోపం తీరిద్ది. నీ గుండెల్లో బరువెట్టా తీరిద్దే?" అంది. తర్వాత చాలా నెమ్మదిగా, దేవుడు మన మూత తీసేది పారేయడానికి కాదని, కిందున్న మంచిదాన్ని మిగుల్చుకోవడానికని చెప్పింది. ఆవిడ వంటింటి ప్రసంగాల్లో నాకు నవ్వు రానిది అదే మొదటిది. అది చెప్పి ఊరుకోలేదు. కింద ఉన్న పిల్లకు కూడా బరువుందిగా, వెళ్ళు అంది.

మా బేస్‌మెంట్‌కు పద్నాలుగు మెట్లు. ఒక్కో మెట్టు మీద ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. అక్క మంచం మీద కూచుని పుస్తకం చూస్తోంది, పక్కన జామ్ రాసిన బ్రెడ్డు. గుమ్మంలో నిలబడే చెప్పాను, నేల చూస్తూ. చెప్పడం అయిపోయాక తలెత్తాను. తిడుతుందనుకున్నాను. ఆమె కళ్ళనిండా నీళ్ళు, ముఖమంతా నవ్వు.

"నేను గాదా? నిజంగనే నేను గాదా బుజ్జీ?" అంది. "అమ్మమ్మ అంత దూరం నుంచి మోసుకొచ్చింది, నా తొందరకు పాడు జేసిన్నని వారం సంది నిద్ర లేదు నాకు."

నేను అంతవరకు అనుకున్నది, అక్కకు మా అమ్మ మీద కోపమని. ఆమె నిజంగానే తప్పు తనదని నమ్మిందన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. చేసిన దాన్ని నేను, నిద్రపోయాను. చెయ్యని మనిషి మేలుకుని ఉంది. ఆమె నన్ను దగ్గరకు లాక్కుని తల నిమిరింది, ఇద్దరం కాసేపు ఏడ్చాం, తర్వాత ఆ బ్రెడ్డు చెరి సగం తిన్నాం. గుండె మీది నుంచి రోకలి దించినట్టయింది.

అమ్మ రాగానే తనకూ చెప్పాను. తిట్లు పడ్డాయి, లేదనను. చలికాలం అయిపోయేదాకా ఇంట్లో గరిటెలు, చెంచాలు అన్నీ పొడిగా తుడిచే పని నాదేనని శిక్ష కూడా పడింది. కానీ తిట్టడం మధ్యలో ఆపి, అమ్మ మెట్ల దగ్గరకు వెళ్ళి నిలబడింది. కాసేపు అక్కడే చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. తర్వాత, అన్నం వండుతున్నాను, వేడిగా ఉండగా పైకి రమ్మని కిందికి కేకేసింది. అమ్మమ్మ అప్పటికే నూనె కాచి, చల్లార్చి, జాడీలో పోసి, ఉప్పు సరిచేసింది. ఆ సాయంత్రం అందరం కూచున్నాక అమ్మ సారీ అనే మాట అనలేదు. వేడన్నంలో ఆవకాయ, నెయ్యి వేసి తన చేత్తో కలిపి, మొదటి ముద్ద అక్క చేతిలో పెట్టింది. అక్క అది కళ్ళకద్దుకుని తింది. రెండో ముద్ద నాకు పెట్టింది. వారం తర్వాత తిన్న ఆవకాయ. కారానికి కళ్ళనీళ్ళొచ్చాయని అందరితో చెప్పాను. ఆ పూట ప్రార్థనలో నా గొంతే అందరికంటే పైకి వినిపించిందని నాన్న నవ్వారు.

ఇప్పుడు నేను అరవైకి దగ్గరపడ్డాను. ఇదే దేశంలో మిల్టన్ ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఇక్కడ కొట్టుకెళితే పదిరకాల ఆవకాయలు దొరుకుతాయి, అయినా ఎండాకాలంలో నేనే కలుపుతాను. ఆ జాడీ అమ్మ నాకే ఇచ్చింది, అంచు కొంచెం పగిలింది. కింద బేస్‌మెంట్‌లో కాలేజీ పిల్లలిద్దరు అద్దెకున్నారు, పైకే వచ్చి తింటారు. ఇల్లన్నాక ఏదో ఒకటి పగులుతుంది, పాడవుతుంది. ఎవరు చేశారంటే మా మనవరాలు కళ్ళార్పకుండా "ఇట్ వజ్ నాట్ మీ అమ్మమ్మా" అంటుంది. నేను రెట్టించను. ఆ రాత్రి పళ్ళెంలో తనకిష్టమైనదేదో పక్కకు తోసేస్తోందా అని మాత్రం చూస్తాను. తోసేస్తే, మర్నాడు బడి నుంచి రాగానే జాడీ దించి, పొడిగుడ్డ ఒకటి చేతికిచ్చి, గరిటెలు తుడవమని పక్కన కూచోబెట్టుకుంటాను. రెండోసారి తుడిచేలోగా మాట తనంతట తానే బయటికొస్తుంది.

క్షమాపణ గురించి నేను విన్న ప్రసంగాలకు లెక్కలేదు. ఇప్పటికీ చర్చిలో ఆ మాట వినపడగానే నా ముక్కుకు తగిలేది మాత్రం ఆవపిండి ఘాటే.