తలుపు ముందు కుర్చీ

పాతికేళ్లపాటు కుసుమకుమారి ఉద్యోగమల్లా మనుషుల్ని ఆపడమే. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఓ కోచింగ్ కాలేజీలో, డైరెక్టరు గది ముందు కుర్చీ ఆమెది. కొడుకు మార్కులు చూసి ఏడుస్తూ వచ్చిన తల్లి అయినా సరే, ముందు ఆమెకు చెప్పుకోవాల్సిందే. "సారు మీటింగ్‌లో ఉన్నారండీ. విషయం చెప్పండి, నేను చెబుతాను." సారు చాలాసార్లు లోపల క్రికెట్ చూస్తుండేవాడు.

అలాంటి మనిషిని దేవుడి గది ముందు కుర్చీ లేదని నమ్మించగలమా? ఆమె వెళ్లే ప్రార్థనా మందిరం గడ్డిఅన్నారంలో, పండ్ల మార్కెట్ తరలిపోయాక ఖాళీ పడ్డ ఓ గోదాము మేడమీద. సిలువ మరణంతో దేవాలయపు తెర నిలువునా చినిగిందనీ, ఇక తండ్రికీ బిడ్డకూ నడుమ మనిషి అక్కర్లేదనీ పాస్టరుగారు చెప్పినప్పుడల్లా అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది ఆమే. ఆరాధన ముగిసీ ముగియగానే తలమీద చెయ్యి పెట్టించుకోవడానికి ఆయన ముందు వరసలో నిలబడేదీ ఆమే. భోజనానికి ముందు రెండు ముక్కల ప్రార్థన సొంతంగా చేసుకునేది. అంతకుమించిన అర్జీ ఏదైనా పాస్టరు అయ్యగారి ద్వారా పోవాల్సిందే.

భర్త పోయాడు, పిల్లలు లేరు. ఎల్బీనగర్‌లో ఒంటిగది కిరాయి. గొంతులో గడ్డ లేచింది. తెల్లారితే ఆపరేషన్, మాట మళ్లీ వస్తుందో రాదో చెప్పలేమన్నాడు డాక్టరు. అయ్యగారు ఒక్కసారి ప్రార్థన చేస్తే చాలనుకుని మధ్యాహ్నం నుంచీ ఫోన్ చేస్తోంది. సాయంత్రానికి ఎవరో అమ్మాయి ఎత్తింది.

"అయ్యగారు తుర్కయంజాల్ ప్రార్థన కూటాల పనిలో ఉన్నారమ్మా. విషయం చెప్పండి, నేను చెబుతాను."

ఆ మాట ఎవరిదో కుసుమకు తెలుసు. అందులోని మర్యాద విలువెంతో కూడా తెలుసు. విషయం చెప్పకుండానే ఫోన్ పెట్టేసింది.

ఇంటి ఓనరు అనంతమ్మ టీ తెచ్చి, సంగతి విని, మూతి తిప్పింది.

"నీ దేవునికి నువ్వే చెప్పుకోరాదా అక్కా? నడుమ గాయనేంది? నేనైతే మా మైసమ్మతోని లొల్లే పెట్టుకుంట."

"మనమెవరమో దేవుడికేం తెలుస్తుందండీ?"

అనంతమ్మ పొద్దున ఆపరేషన్ కాగితాల మీద సంతకానికి తాను వస్తానని చెప్పి కిందికి పోయింది.

కుసుమ తలుపు దగ్గరికి వేసింది. పరిశుద్ధుడవైన తండ్రీ అని మొదలుపెట్టింది. అవన్నీ పాస్టరుగారి మాటలు; అరువు తెచ్చుకున్న చీరలా ఒంటికి నిలవలేదు. ఆపేసింది.

"నేను కుసుమని," అంది. "రేపు నా గొంతు కోస్తారు. సంతకానికి అనంతమ్మగారు వస్తారు. కోసే ఆ లోపలి గదిలోకి ఎవరూ రారు. నువ్వు రా."

మెట్రో రైలు చప్పుడు వచ్చి పోయింది. బయట కూర్చోమని ఎవరూ అనలేదు. లోపలికి రమ్మనీ ఎవరూ అనలేదు.

చల్లారిన టీ తాగి ఆస్పత్రి సంచీ సర్దుకుంటుంటే, ఆమెన్ అనలేదని గుర్తొచ్చింది. ఇప్పుడూ అనలేదు. చెప్పాల్సింది ఇంకా ఉంది. గొంతు ఇంకా ఉంది.