లూజుగా కొన్న బ్యాండు మేళం

ఆ రోజుల్లో శంషాబాద్ బజారులో కొసరు వేయని దుకాణం లేదు. కిలో చక్కెర తూచాక పైన ఒక గుప్పెడు వేసేవాళ్లు, పిల్లలొస్తే చేతిలో బెల్లం ముక్క పెట్టేవాళ్లు, నెల సరుకు కట్టించుకున్నవాళ్ల సంచిలో ఒక అగ్గిపెట్టె జారవిడిచేవాళ్లు. కానీ కందిపప్పు మీద కొసరుగా బ్యాండు మేళాన్ని ఇచ్చినవాడు మొత్తం బజారులో నేనొక్కణ్నే. ఈ మాట చెప్పుకునేటప్పుడు ఇప్పటికీ నా ఛాతీ కొంచెం ముందుకొస్తుంది. ఆ కొసరు చివరికి ఎంతకు తేలిందని ఎవరైనా అడిగితే మళ్లీ దాని చోటికి అది పోతుంది.

ఎయిర్‌పోర్టు వస్తే మా దశ తిరుగుతుందని ఇంట్లో అందరం నమ్మాం. దిగిన ప్రతి ప్రయాణికుడూ నేరుగా మా కిరాణా దుకాణానికొచ్చి చింతపండు కొంటాడన్నంత ధీమా మాది. తీరా వచ్చాక చూస్తే, పైనుంచి పోయేవాళ్లు పైనుంచే పోయారు, కింద కార్లలో పోయేవాళ్లు అద్దాలెత్తుకుని పోయారు. దానికి తోడు హైవే మీద చల్లటి గాలి వచ్చే సూపర్ మార్కెట్ ఒకటి తెరిచారు. ఒక్కొక్క గిరాకీ అటు జారిపోగా, బస్తాల లెక్కన సరుకు తీసుకునే ఖాతా మాకు ఒకటే మిగిలింది: తొండుపల్లి దాటాక ఉన్న వృద్ధాశ్రమం. అది కూడా పోతే దుకాణం సగం షట్టరు దించుకోవచ్చని బాపు గల్లాపెట్టె దగ్గర కూర్చుని రోజుకోసారైనా అనేవాడు.

ఆ ఆశ్రమాన్ని నడిపేది సిస్టరమ్మ. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఆదివారం చర్చికి ఎంత నిష్ఠగా పోతుందో సోమవారం బేరం అంత నిష్ఠగా చేస్తుంది. ఒకరోజు పిలిపించి, "సూపర్ మార్కెట్టోళ్లు నూటికి ఐదు తగ్గిస్తమంటున్నరు బాబూ. మీరేం తగ్గిస్తరో చెప్పుండ్రి," అంది. బాపు నన్ను పంపేటప్పుడే గట్టిగా చెప్పాడు: "ధర మీద చెయ్యి పెట్టకు. నోటితోని ఏం చేసుకుంటవో చేసుకో." అప్పుడే నెత్తి మీద ఒక విమానం దిగింది. మా వైపు విమానం పోతుంటే మాట్లాడేవాళ్లు మాట మధ్యలో ఆపేసి, అది పోయాక అక్కణ్నుంచే అందుకుంటారు. అలా ఆగిన వ్యవధిలో నా నోటికి ఒక మాట తట్టింది. శబ్దం తగ్గగానే అనేశాను.

"ధర తగ్గియ్యం సిస్టరమ్మా. కొసరు ఏస్తం."

"ఏం కొసరు? అగ్గిపెట్టెనా?"

"పాటల ప్రోగ్రాం. మనుషులొచ్చి వాయిస్తరు. బ్యాండు మేళం."

(బ్యాండే ఎందుకు తట్టిందంటే కారణముంది. అది ఆషాఢం. పెళ్లిళ్లు లేవు. పొద్దున్న బజారులో వస్తుంటే బ్యాండు దుకాణం ముందు మేళంవాళ్లు పేకాడుకుంటూ కనిపించారు. కదలని సరుకు కారుచౌకగా వస్తుందని నాకు మాటలు రాకముందే మా ఇంట్లో నేర్పారు.)

సిస్టరమ్మ వరండాలో కూర్చున్న ముసలివాళ్ల వైపు ఒకసారి చూసింది. "సరే. చాయ్ ఇచ్చేదాక మావాళ్లు కుర్చీలల్ల కూసుంటే సరుకు మీదే. నడుమల లేసి గదులల్లకు పోయిన్రంటే మాత్రం సూపర్ మార్కెట్టోళ్లకు ఫోన్ చేస్త. మల్ల నన్ను అనొద్దు," అంది. నేను అప్పటికే గెలిచినట్టు నవ్వాను.

బ్యాండు మాస్టరు క్లారినెట్ వాయిస్తాడు. పదకొండు మంది మేళానికి ఐదు వేలన్నాడు. ఆషాఢంలో ఐదువేలా అని నేను లేచి నిలబడ్డాను, కూర్చోమన్నాడు, కూర్చున్నాను. ఇలా రెండుసార్లు లేచి కూర్చున్నా నాలుగువేల దగ్గర బండి ఆగిపోయింది. అప్పుడు నా పుట్టుక నాకు గుర్తొచ్చింది. బస్తా కొనలేనివాడు లూజు కొంటాడు.

"అట్ల గాదు మాస్టరూ, విడివిడిగా చెప్పు. పెద్ద డోలుకెంత?"

"విడివిడిగానా?" మాస్టరు పేకముక్కలు కింద పెట్టాడు. ఆయన జీవితంలో మేళాన్ని లూజుగా అడిగినవాడు లేడనుకుంటాను. అయినా చెప్పాడు. డోలుకింత, సైడు డ్రమ్ముకింత, తాళాలకింత, మెడ చుట్టూ కొండచిలువలా చుట్టుకునే పెద్ద ఇత్తడి బాకాకింత. అన్నిటికన్నా ఖరీదు ఆయనే. నేను ఆయన్ని తీసేశాను.

"నేను లేకుంటే పాట ఉండదు సేటూ," అన్నాడు.

"సప్పుడు ఉంటదా?"

"సప్పుడుకేంది, మస్తుగ ఉంటది."

"ముసలోళ్లకు సప్పుడు ఇనబడితే సాలు మాస్టరూ. రాగం ఎవడు పట్టిచ్చుకుంటడు?"

మాస్టరు ఇక వాదించలేదు. ఎదుటివాడు వాదించడం మానేశాడంటే బేరంలో ఏదో తేడా ఉందని మా కులవిద్యలో మొదటి పాఠం. నేను రెండో పాఠం మీదికి పోయాను: "యూనిఫారాలు లేకుంటే ఎంత తగ్గుతది?" అదీ తగ్గించాడు. నలుగురు మనుషులు పన్నెండు వందలకు ఖరారయ్యారు. టోపీలకు కిరాయి లేదన్నాడు కాబట్టి టోపీలు మాత్రం పెట్టుకుని రమ్మన్నాను.

అనుకున్న రోజు మధ్యాహ్నం, మామూలు చొక్కాల మీద జరీ టోపీలు పెట్టుకున్న నలుగురు ఒక ఆటోలోంచి పెద్ద డోలుతో సహా దిగారు. వరండాలో ముప్ఫై దాకా కుర్చీలు వేశారు. సిస్టరమ్మ చిన్న ప్రార్థన చేసి, "ఇగ మొదలు పెట్టుండ్రి," అంది. మొదలుపెట్టారు. బుం, చక చక, బుం, చక చక. బాకా అతను మధ్యమధ్యలో బర్రె అరిచినట్టు ఒక్క స్వరం ఊది మళ్లీ ఊపిరి పీల్చుకునేవాడు. తాళాలు ఝణ్‌మని కొట్టుకునేవి. మళ్లీ బుం, చక చక. అంతే. ఎంతసేపు విన్నా అంతే. కుప్పలో గింజలన్నీ పోయి ఊక మిగిలినట్టుంది ఆ వాయిద్యం.

ముసలివాళ్లు మర్యాదగానే విన్నారు. కాసేపటికి సిస్టరమ్మ నా పక్కకు వంగి, "తయారీ బాగనే ఉంది. పాట ఎప్పుడు మొదలైతది?" అని అడిగింది.

"మొదలైంది సిస్టరమ్మా," అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు సరిగ్గా గుర్తుంది. దవాఖానలో ఇంజెక్షన్ ఇచ్చే ముందు చూస్తారే, అది.

ముందు వరసలోని ఒక తాత గట్టిగా, "పెండ్లి పిలగాడేడిరా? గుర్రం యాడ కట్టేసిన్రు?" అన్నాడు. పక్కాయన, "పిలగాడు పారిపోయిండేమో. అందుకే గింత తక్కువమంది ఒచ్చిన్రు," అన్నాడు. వెనక వరసలో ఒక కుర్చీ జరిగిన చప్పుడైంది. ఎవరో లేచారు. నేను పరుగున పోయి డోలు అతని చెవిలో, "అన్నా, జర పాట లెక్క కొట్టరాదె," అని బతిమాలాను. అతను చెయ్యి ఆపకుండానే, "మా వంతు గింతే అన్నా. పాట మాస్టరు దగ్గరుంటది," అన్నాడు. ఇంకో కుర్చీ జరిగింది. నా కళ్లముందు కందిపప్పు బస్తాలు వరసగా లేచి సూపర్ మార్కెట్ వైపు నడిచిపోతున్నాయి. చాయ్ తొందరగా ఇప్పించేస్తే గండం గడుస్తుందేమోనని వంటింట్లోకి పోయి గ్లాసుల పళ్లెం నేనే పట్టుకొచ్చాను.

వచ్చేసరికి కుర్చీల్లోంచి ఒక ముసలామె, సాతంరాయి ఊరి పెద్దమ్మ, చెయ్యెత్తి ఉంది. వంగిన నడుము, చేతిలో కర్ర, గొంతు మాత్రం నిటారుగా ఉంటుంది. "ఆగుండ్రి," అంది. నలుగురూ ఆగారు. లేచి పోతున్నవాళ్లూ ఆగారు. "ఇంతకుముందు కొట్టిన్రు సూడు, గది మల్లొకపారి కొట్టుండ్రి. జర నిమ్మలంగ."

కొట్టారు. పెద్దమ్మ తల ఊపుతూ ఊపుతూ, ఉన్నట్టుండి పాట ఎత్తుకుంది. పొలంలో నాట్లు వేసేటప్పుడు పాడుకునే పాట. ఆ దరువుకు అది అచ్చంగా అతికింది. బాకా అతను ఉలిక్కిపడి టోపీ సరిచేసుకున్నాడు.

ఆమె రెండో చరణంలో ఉండగా కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన స్కూలు మాస్టారు, "క్షమించాలమ్మా, ఆ దరువు మీ పాటది కాదండి. అది మా కాలపు సినిమా పాటది, నేను నిస్సందేహంగా చెప్పగలను," అని తన పాట ఎత్తుకున్నారు. పెద్దమ్మ ఆపకుండానే, "నీ సినిమా ఎవ్వలు జూసిన్రు సారూ," అనే మాటను కూడా పాటలోనే కలిపి పాడేసింది. ఈలోగా కిటికీ దగ్గరి మేరీ ఆంటీ, ఇది పక్కాగా మా క్రిస్మస్ పాటేనంటూ తన వైపు నలుగురైదుగురిని కూడగట్టుకుంది. మూడు జట్లు, మూడు పాటలు, ఒకటే దరువు. కూరగాయల సంతలో మూడు మైకులు పెట్టినట్టుంది. సిస్టరమ్మ నుదురు పట్టుకుంది. కానీ గదుల్లోకి పోదామని లేచినవాళ్లు ఏదో ఒక జట్టులో చేరాలి కాబట్టి మళ్లీ కూర్చున్నారు.

అప్పుడు విమానం వచ్చింది.

ఇక్కడ అందరూ ఆగాలి. ఆ ఇంట్లో రోజూ అన్నిసార్లూ అలాగే ఆగుతారు, ప్రార్థన మధ్యలోనైనా సరే, తిట్టు మధ్యలోనైనా సరే. ఆ రోజు ఎవరూ ఆగలేదు. చప్పుడు పైకప్పు మీద కూర్చున్నట్టుగా దిగింది. డోలు మీద కర్ర పడటం కనిపిస్తోంది, వినిపించడం లేదు. నోళ్లు కదులుతున్నాయి, మాట లేదు. ఎవరి పాట వాళ్లకే వినబడని ఆ కాసేపు అందరి కళ్లూ ఎక్కడో ఒకచోట ఆనాలి కదా, పెద్దమ్మ మీద ఆనాయి. ఆమె ఎప్పుడు లేచిందో, కర్ర కుర్చీకి ఆనించి నిలబడి ఉంది. కుడిచెయ్యి కిందికి దించి పైకెత్తుతోంది, నారు కట్టలోంచి పిలకలు తీసి బురదలో గుచ్చుతున్నట్టు, ఒక్క పిలక కూడా తప్పకుండా. డోలు అతను తన డోలు తనకే వినబడక ఆ చెయ్యినే చూసి కొడుతున్నాడు. మాస్టారు కళ్లద్దాలు పైకి జరుపుకుని ఆమె పెదాలు చూస్తున్నారు. చూస్తూ చూస్తూ ఆయన పెదాల తీరు మారిపోయింది. మేరీ ఆంటీ పెదాలూ మారాయి. వెనక వరస దాకా అది ఒకరి నుంచి ఒకరికి పాకిపోవడం నేను కళ్లతో చూశాను.

విమానం ఎయిర్‌పోర్టు వైపు దిగిపోయింది. చప్పుడు కొంచెం కొంచెంగా తగ్గుతుంటే ముందు డోలు బయటపడింది, తర్వాత పెద్దమ్మ గొంతు, దాని వెనక ముప్ఫై గొంతులు. మూడు పాటలు లోపలికి పోయి ఒక్క పాట బయటికొచ్చింది. మాస్టారు కూడా అదే పాడుతున్నారు, ఒక మాట వెనకగా, ఒత్తులు స్పష్టంగా పలుకుతూ. ఎవ్వరూ దరువు తప్పలేదు. అంత చప్పుడు కింద, ఏమీ వినబడకుండా, అంతమంది ఒకే చోటికి ఎలా చేరుకున్నారో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. నేను చిన్నప్పటి నుంచీ ఏది చూసినా ఎంతుంటుందని మనసులోనే వెల కట్టే మనిషిని. ఆ కాసేపు నా బుర్రలో ఒక్క అంకె కూడా లేదు. సిస్టరమ్మ వచ్చి నా చేతుల్లోంచి పళ్లెం తీసుకునేదాకా చాయ్ నా చెప్పుల మీద కారుతోందని నాకు తెలియదు.

ఆ తర్వాత మాస్టారి పాటకు వంతు ఇచ్చారు, ఆపైన మేరీ ఆంటీ పాటకు. దరువు మాత్రం ఎవరికీ మార్చనివ్వలేదు. చాయ్ చల్లారిపోయింది, ఎవరూ లేవలేదు. ఆటో ఎక్కేటప్పుడు డోలు అతను టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, "పదేండ్ల సంది కొడుతున్నన్నా. నా డోలుకు ముంగట ఎవలన్న గిట్ల పాడంగ ఇనలే," అన్నాడు. నేను తలూపాను. వాళ్లకు ఇవ్వాల్సిన డబ్బులో యాభై తగ్గిద్దామని పొద్దున్న వేసుకున్న పథకం ఏమైందో మరి, అడగడం మర్చిపోయాను.

సిస్టరమ్మ గేటు దాకా వచ్చింది. "సరుకు మీదే బాబూ," అంది. నేను దండం పెట్టబోతుండగా, "కొసరు గూడ నెలనెల గిట్లనే. సరుకుతో పాటే కొసరు గద," అంది. నా అంతటి బేరగాణ్ని నా మాటతోనే కట్టేసింది. వెనక వరండాలో ముప్ఫైమంది నా వైపే చూస్తున్నారు. ఎంత నసిగినా నోట్లోంచి సరేనన్న మాట తప్ప ఏమీ రాలేదు.

దుకాణానికొచ్చి బాపుకు చెప్పాను. బాపు గల్లాపెట్టె మూసి, "నెలనెలానా?" అన్నాడు. "నెలనెలానే," అన్నాను. "లగ్గాల దినాలల్ల గూడనా?" అన్నాడు. దాని సంగతి నేను ఆలోచించలేదు. శ్రావణం రాగానే బ్యాండు మాస్టరు నన్ను చూసి దూరం నుంచే నవ్వాడు. ముహూర్తాల నెలల్లో లూజు అమ్మకం లేదన్నాడు. కాళ్లావేళ్లా పడితే ఆ నలుగురినే, అందరికీ కలిపి నెలకు రెండువేలకు పంపడానికి ఒప్పుకున్నాడు. బాపు మాత్రం, ఆ రెండువేలు ఎక్కడ తగలేస్తున్నానో కళ్లారా చూడాలని ఒకసారి నా వెంట వచ్చాడు. విమానం వచ్చి పోయేదాకా వరండా మెట్టు మీద కూర్చున్నాడు. మరుసటి నెల ఆ రోజు వచ్చేసరికి నాకంటే ముందే షట్టరు దించి, స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం తండ్రీకొడుకులం కూర్చుని నిజాయితీగా లెక్క కట్టాం. ఆశ్రమం సరుకు మీద మాకు మిగిలింది పద్దెనిమిది వేలు. మేళానికి ఆషాఢం లాంటి ఐదు నెలలకు ఆరువేలు, ముహూర్తాల ఏడు నెలలకు పద్నాలుగు వేలు. చాయ్ బిస్కెట్లు సిస్టరమ్మ మెల్లగా మా మీదికే తోసింది, అవి పద్దెనిమిది వందలు. మొత్తం ఖర్చు ఇరవై ఒక వేయి ఎనిమిది వందలు. నికరంగా నష్టం మూడువేల ఎనిమిది వందలు. దుకాణం మూసుకుని పోయిన మధ్యాహ్నాల గిరాకీ కూడా రాయాలి కదా అని నేనన్నాను. ఎవరి బేరమైనా చీల్చి చెండాడే అప్పటి నన్ను తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది, ఆ పూట పెన్ను పట్టుకుని ఎంత సీరియస్‌గా అడిగానో. బాపు గడియారం చూసి, "అది రాయకు. పా, టైమైతున్నది," అన్నాడు. కాబట్టి అది రాయలేదు. మూడువేల ఎనిమిది వందలే.