ఒంటి మీది శాలువా

ఒక శాలువాను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. అది నా భుజం మీద లేదు, నా ఇంట్లోనూ లేదు, ఏ మట్టిలో కలిసిందో కూడా తెలియదు. అయినా మోస్తున్నాను. పొద్దున లేచి ముఖం కడుక్కునేటప్పుడు ఉంటుంది. ఎవరైనా నన్ను మంచివాడన్నప్పుడు మరీ బరువెక్కుతుంది. సూరత్‌లోని ఈ సలాబత్‌పురాలో నన్ను మంచివాడనేవాళ్లు చాలామందే ఉన్నారు, ఏం చేయను?

నా పేరు రాయను. మా సంస్థానం పేరూ రాయను. సూరత్ చుట్టుపక్కల ఒకప్పుడు ఉన్న చిన్న సంస్థానాల్లో అదొకటి అనుకోండి. ఇప్పుడు అదీ లేదు, నవాబులూ లేరు, జెండా మారింది. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఈ వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు గాని చదవగలిగినవాళ్లు లేరు. అంటే ఒప్పుకునేటప్పుడు కూడా దాక్కునే చోటు వెతుక్కున్నానన్నమాట. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. మీ ముఖం చూస్తే మళ్లీ అబద్ధం చెబుతాను.

మా అమ్మానాన్నలు నిజాం రాజ్యంలోని ఒక పల్లె నుంచి వచ్చారు. మా నవాబు గారి తల్లి హైదరాబాదు ఆడపడుచు. ఆవిడ పెళ్లై సూరత్ వచ్చినప్పుడు వెంట వచ్చిన పరివారంలో మా నాన్న దర్జీ, మా అమ్మ ఆయా. బేగం గారికి రెండో కొడుకు పుట్టినప్పుడు పాలు పడలేదు. అప్పటికి కొన్ని నెలల ముందే నేను పుట్టాను. మా అమ్మ ఇద్దరికీ పాలిచ్చింది. ముసల్మానుల్లో అది చిన్న సంగతి కాదు. ఒకే తల్లి పాలు తాగితే అన్నదమ్ముల కిందే లెక్క. మతం వేరైనా సరే, ఒకరు నవాబు బిడ్డ, ఒకరు దర్జీ బిడ్డ అయినా సరే. అందుకే లోకమంతా చిన్న సర్కార్ అని పిలిచే ఆ మనిషి నన్ను అన్నా అని పిలిచేవాడు. నాతో తెలుగే మాట్లాడేవాడు. మా అమ్మ ఒడిలో నేర్చుకున్న మా పల్లె తెలుగు, ఆమె తిట్లతో సహా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా అమ్మ పోయేటప్పుడు నన్ను పిలవమనలేదు, చిన్న సర్కార్‌ను పిలవమంది. ఆయన పరుగున వచ్చి చేయి పట్టుకున్నాక కళ్లు మూసింది. నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆ రోజు నేను ఏడ్చింది అమ్మ కోసమేనా? అప్పుడు అనుమానం రాలేదు. తర్వాత వచ్చింది.

నాన్న తర్వాత తోషాఖానా నా చేతికి వచ్చింది. నవాబు గారి బట్టలన్నీ ఉండే కొట్టు అది. ఏ పండుగకు ఏది తొడగాలి, ఎవరికి ఏది బహుమానంగా పంపాలి, అన్నీ నేనే చూసేవాణ్ణి. పంపే బట్టల్లో రెండు రకాలు. కొత్తగా కుట్టించి పంపేవి ఎవరికైనా దక్కుతాయి. రెండో రకం, నవాబు గారు తన ఒంటి మీద నుంచి తీసి పంపేది. దాన్ని ఉతకకూడదు. ఆయన అత్తరు, ఆయన చెమట, ఆయన ఒంటి వెచ్చదనం అందులోనే ఉండాలి. అంతకు మించిన గౌరవం మా దర్బారులో లేదు. అందుకున్నవాడు తెచ్చినవాడి ఎదుటే దాన్ని కళ్లకద్దుకుని, అంచును ముద్దు పెట్టుకుని, కప్పుకోవాలి. పొద్దు గుంకేదాకా తీయకూడదు.

చిన్న సర్కార్‌కు అది ఎన్నడూ దక్కలేదు. మామూలు బట్టలు కూడా ఆగిపోయాయి. దివాను చెప్పిన చాడీలు నమ్మి, తమ్ముడు గద్దె మీద కన్నేశాడని నవాబు గారు ఆయన్ని సూరత్‌లో తాముండే హవేలీకి రానివ్వడం మానేశారు. ఆయన సలాబత్‌పురాలో ఒక పాత ఇంట్లో ఉండేవాడు. ఈద్ నాడు బంధువులందరికీ బట్టలు మోసుకెళ్లేవాణ్ణి నేనే. ఆ ఇంటి ముందు నుంచే వెళ్లేవాణ్ణి. ఆయన గుమ్మంలో నిలబడి నా వెనక గంపలెత్తుకున్న కూలీలను చూసేవాడు.

మొదటి జర్మనీ యుద్ధం ముగుస్తున్న ఏడు ఊళ్లను ఊడ్చేసిన ఆ జ్వరం వచ్చింది. బొంబాయి రైల్లో దిగిందన్నారు. రెండు వారాలు తిరక్కుండానే తాపీ నది ఒడ్డున చితులకు కట్టెలు కరువయ్యాయి. రోగుల బట్టలు కాల్చేయండి, కాల్చలేకపోతే మరిగించండి అని వీధివీధినా డప్పు వేయించారు. నేను కూడా తోషాఖానా పనివాళ్లకు అదే చెప్పాను. కాబట్టి నాకు తెలియదని అనడానికి వీల్లేదు. నాకు తెలుసు.

నవాబు గారు మంచాన పడ్డారు. ముక్కు నుంచి, నోటి నుంచి రక్తం. స్పృహ లేదు. ఆయనకున్నది ఇంకా నడక రాని కొడుకు ఒక్కడే. ఆయన పోతే ఆ పసివాడి పేరు మీద రాజ్యం నడిపేది ఎవరు? ఆచారం ప్రకారం చిన్న సర్కార్. ఇంగ్లీషు సర్కారు ఏజెంటు దొర కూడా అదే అంటాడు. తమ్ముడనేవాడు లేకపోతేనే అది దివానుకు దక్కుతుంది. ఇది హవేలీలో వంటవాళ్లకు కూడా తెలుసు.

అదే వారం నా భార్య మల్లవ్వ పడింది.

దివాను నన్ను పిలిపించాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. హుజూర్ పరిస్థితి ఏమీ బాగాలేదన్నాడు. ఇలాంటప్పుడు అన్నదమ్ముల మధ్య పంతాలు ఉండకూడదన్నాడు. హుజూర్ కప్పుకున్న శాలువా చిన్న సర్కార్‌కు పంపితే మర్యాదగా ఉంటుందన్నాడు. ఆ తర్వాత, నీ భార్యకు జ్వరమట కదా, హుజూర్‌ను చూస్తున్న ఇంగ్లీషు డాక్టరును సాయంత్రం మీ ఇంటికి పంపిస్తానన్నాడు. ఒక్క చెడ్డ మాట ఆయన నోటి నుంచి రాలేదు. నేనూ అడగలేదు. ఇద్దరం ఎంత మర్యాదస్తులం!

వెళ్లి, నవాబు గారి మీది నుంచి శాలువా తీశాను. చలితో వణుకుతున్న మనిషి మీది నుంచి. ఒక కొస గట్టిగా పట్టుకుని ఉన్నారు. వేళ్లు విడదీయాల్సి వచ్చింది. దగ్గినప్పుడల్లా నోటికి అడ్డం పెట్టుకున్న కొస అది. అక్కడ మరక ఎండి గట్టిపడి ఉంది. దివాను చూశాడు. అది కనిపించకుండా చెయ్యమన్నాడు.

నేను జరీ పట్టీ తీసుకున్నాను. సూరత్ జరీ, వేలెడు వెడల్పు. మరక ఉన్న కొసన కుట్టాను. ఒక్క కొసన ఉంటే అనుమానం వస్తుందని రెండో కొసన కూడా కుట్టాను. చాలా బాగా వచ్చింది. ఇది రాస్తుంటే కూడా చేతికి గర్వం పోలేదు, చూశారా? ఆ కొసనే కదా ఆయన ముద్దు పెట్టుకోబోయేది! కుడుతూ దాని గురించే ఆలోచించాను. మరిచిపోయి చేసిన పని కాదు.

మధ్యాహ్నం సలాబత్‌పురా వెళ్లాను. ఆయన వాకిట్లో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున్నుంచి ఆ వీధిలో చనిపోయినవాళ్లను మోసి వచ్చి స్నానం చేసినట్టున్నాడు, జుట్టు తడిగా ఉంది. నా చేతిలో పళ్లెం చూసి లేచాడు. పైన కప్పిన పట్టుగుడ్డ తీశాను.

"గిదేందన్నా?"

"హుజూర్ ఒంటి మీది శాలువా, చిన్న సర్కార్. మీకు పంపిన్రు."

ఆయన చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు.

"భాయిజాన్ పంపిన్రా? నాకా?"

"మీకే."

"చేత్తోని ఇచ్చిన్రా, లేకుంటే నౌకర్లతోని ఇప్పిచ్చిన్రా?"

"తన చేత్తోనే ఇచ్చిన్రు."

"ఏమన్నరన్నా? జర చెప్పు. ఏమన్నరు?"

"తమ్ముని చూడబుద్దైతాంది అన్నరు."

ఆయన శాలువాను కళ్లకద్దుకున్నాడు. జరీ అంచును పెదాలకు ఆనించి అట్లాగే ఉండిపోయాడు. భుజాలు కదిలాయి. తర్వాత కప్పుకుని, ముఖం తుడుచుకుని నన్ను చూశాడు.

"వదినెకు జొరమని విన్న. ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది."

"మరీడ నిలబడ్డవేంది? పో, ఇంటికి పో. ఆమె కాడ కూసో."

ఇంతే మా మాటలు. ఒక్క అక్షరం కూడా మరిచిపోలేదు.

పొద్దు గుంకేదాకా కప్పుకుంటే చాలు. ఆయన విప్పలేదట. రాత్రి దాంట్లోనే పడుకున్నాడట. ఆ ఇంటి నౌకరు తర్వాత చెప్పాడు. మూడో రోజుకు జ్వరం. ఆ వారం దాటలేదు.

శాలువా వల్లనేనా? ఈ ప్రశ్నను ఎన్ని వైపుల నుంచి తిప్పి చూశానో మీకు చెప్పలేను. ఆయన రోజూ శవాలు మోశాడు, రోగుల నోట్లో నీళ్లు పోశాడు, ఆ వీధిలో ప్రతి ఇంట్లో దగ్గు ఉంది, జ్వరం ఎక్కడైనా అంటుకుని ఉండవచ్చు. తర్వాతి కాలంలో ఒక డాక్టరును మాటల్లో పెట్టి, బట్ట నుంచి ఆ రోగం వస్తుందా అని అడిగాను. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. నాకు ఆ 'రాకపోవచ్చు' మీద పడుకోవాలని ఉండేది. నిద్ర రాలేదు. ఎందుకంటే రావాలనే కదా నేను తీసుకెళ్లింది. ఆయన బతికినా నేను చేసింది అదే పని.

ఇక్కడ ఆగి ఒకటి సరిదిద్దాలి. పైన డాక్టరు సంగతి ఎందుకు రాశానో మీకు అర్థమయ్యే ఉంటుంది. భార్య కోసం చేశాడు పాపం అని మీరు అనుకోవాలని రాశాను. నేనూ చాలా ఏళ్లు అట్లాగే చెప్పుకున్నాను. అది నిజం కాదు.

మొదటి అంచు సగం కుట్టి ఉండగా మా పక్కింటి ఆమె తోషాఖానా గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. మల్లవ్వ పోయిందని చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. వస్తున్నా, నువ్వు పో అన్నాను. ఆమె వెళ్లింది. నేను సూది కింద పెట్టలేదు. మిగిలిన సగం కుట్టాను. ఆ తర్వాత రెండో కొస మొదలుపెట్టాను.

ఇక డాక్టరు ఎవరికి? దివానుకు నేను భయపడాల్సిన పని ఏముంది? ఆ శాలువాను అక్కడే పొయ్యిలో వేసి ఇంటికి వెళ్లి ఉంటే నన్ను ఏం చేసేవాడు? ఇవన్నీ అప్పుడు నాకు తట్టాయా? తట్టాయి. అయినా లేచి పళ్లెం తీసుకున్నాను. దారిలో నా మనసులో ఉన్నది మల్లవ్వ కాదు. చివరి క్షణంలో మా అమ్మ పట్టుకున్న చేయి. నాకు తల్లి దక్కలేదు, ఇప్పుడు ఇల్లాలూ లేదు, అతనికి మాత్రం రాజ్యం ఎందుకు? దాన్ని అసూయ అంటారు. ఆ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. తమ్ముణ్ణి చూడబుద్దవుతోందన్న మాట కూడా దివాను నేర్పింది కాదు. ఆయన ఎక్కడ శాలువా పక్కన పెట్టేస్తాడో అని నేనే అల్లాను.

ఇంటికి వెళ్లేసరికి మల్లవ్వను తీసుకెళ్లిపోయారు. ఆ రోజుల్లో శవాలను ఆపేవాళ్లు కాదు. నేను ఆమె ముఖం చూడలేదు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. నవాబు గారు బతికారు.

ఎవరూ అనుకోలేదు, దివాను అసలే అనుకోలేదు. కర్ర పట్టుకుని లేచి కూర్చున్న రోజు, తమ్ముడు పోయాడని, తన శాలువా కప్పుకునే పోయాడని ఆయనకు తెలిసింది. ఎవరు పంపారని అడిగారు. దివాను తల వంచి, జ్వరంలో తమరే పంపించారు హుజూర్ అని, నా వైపు చూశాడు. నవాబు గారు కూడా నా వైపు చూశారు. దివాను మాట కాకపోయినా నా మాట ఆయన నమ్ముతారు. అవును హుజూర్, తమరి చేత్తోనే ఇచ్చారు అన్నాను. నేనేమన్నాను అని అడిగారు. తమ్ముణ్ణి చూడాలనుంది అన్నారని చెప్పాను.

ఆయన అరవలేదు. నా రోగాన్ని నేనే పంపించుకున్నానా అన్నారు, అంతే. ఆ తర్వాత ఒంటి మీది బట్ట ఎవరికీ పంపలేదు. ఆ ఆచారమే పోయింది. దివాను దివానుగానే ఉండి, మంచం మీద, మనవళ్ల మధ్య పోయాడు. నాకు జీతం పెరిగింది. తీసుకున్నాను.

ఏటా తమ్ముడు పోయిన రోజున, ఫాతిహా ప్రార్థన అయిపోయాక, నవాబు గారు నన్ను ఒక్కణ్ణే పిలిపించుకునేవారు. ఆ రోజు నేనేమన్నానో ఇంకోసారి చెప్పు అనేవారు. నేను చెప్పేవాణ్ణి. ఆయన ఏడ్చేవారు. కొన్నేళ్లకు ఆయనే నాకు చెప్పడం మొదలుపెట్టారు: అవును, గుర్తుంది, కిటికీ తెరిచి ఉంది, నువ్వు కాళ్ల దగ్గర నిలబడ్డావు, నేను శాలువా తీసి నీ చేతికిచ్చి ఆ మాట అన్నాను. నేను తల ఊపేవాణ్ణి. తమ్ముణ్ణి తన చేత్తో చంపుకున్నానన్న నమ్మకంతోనే ఆయన పోయారు. చివరి రోజుల్లో నా చేయి పట్టుకుని, దేవుడు నన్ను అడిగితే ప్రేమతో పంపానని నువ్వు సాక్ష్యం చెప్పాలి అన్నారు. చెబుతానన్నాను.

హుజూర్, మీరు ఆ మాట అనలేదు. మీకు స్పృహే లేదు. మీరు శాలువా ఇవ్వలేదు. మీ వేళ్లు విడదీసి నేను లాక్కున్నాను.

రాశాను. క్షమించమని అడగడానికి ఎవరూ మిగల్లేదు, మిగిలినా అడిగే ముఖం నాకు లేదు. ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది.