మగ్గం గుంతలో మూకుడు

మా గద్వాలలో ఇంటింటికీ చికున్‌గున్యా వచ్చిన ఏడాది, నా బిడ్డకు నాలుగో నెల. మగ్గం పక్కనే దూలానికి ఉయ్యాల కట్టాం. మా ఆయన నేస్తుంటే ఆ చప్పుడుకు పాప నిద్రపోయేది.

మొదట మా అత్తమ్మ మంచం పట్టింది. జ్వరం తగ్గింది కానీ వేళ్లు ముడవలేకపోయింది.

"కోడికూర తింటె వస్తదంటున్రు. నేను ముట్టి ఆర్నెల్లాయె. నాకెట్ల వచ్చె?" అని మూలిగేది.

దోమల వల్ల వస్తుందని దవాఖాన నర్సమ్మ వాడంతా చెప్పిపోయింది. నాకు బిడ్డ భయం పట్టుకుంది. అంత చిన్న ఒళ్లు ఆ నొప్పులు ఎలా ఓర్చుకుంటుంది? నల్లా నీళ్లు నాలుగు రోజులకోసారి వచ్చేవి. అయినా డ్రమ్ము బోర్లించాను, కుండలు కడిగాను.

"తాగనీకన్న ఉంచినవా లేదా?" అన్నాడు మా ఆయన.

వారం తిరక్కుండానే ఆయన కూడా మగ్గం గుంతలోంచి కాళ్లు పైకి తీయలేకపోయాడు. ఇక మిగిలింది నేనూ, పాపా. ఊరికే పాప నుదురు పట్టి చూసేదాన్ని.

నర్సమ్మ మళ్లీ వచ్చింది.

"అన్ని పారబోసినక్కా. నిలువ నీళ్లు ఏడ లెవ్వు" అన్నాను.

ఇల్లంతా చూసి ఉయ్యాల దగ్గర ఆగింది. పాప కాలి మీద ఎర్రగా దద్దు.

"దోమలు ఈడనే ఉన్నయి. గా గుంతల ఏముంది?"

"ఏం లేదక్కా. నేసేటప్పుడు కాళ్లు పెడ్తడు."

టార్చి వేసింది. మూలన మట్టి మూకుడు, నిండా నీళ్లతో ఉంది. తడిగా ఉంటే పోగు తెగదని నూలు చుట్టిన కండెలు అందులో నానేస్తాం. మాకు అది మగ్గం సామాను, నీళ్ల గిన్నె అని ఎన్నడూ అనుకోలేదు. నీళ్లు తగ్గినప్పుడల్లా నేనే పోసేదాన్ని. కడిగింది లేదు. నర్సమ్మ కండెలు జరిపింది. అడుగున సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"ఉయ్యాల కిందనే దోమల్ని సాకుతున్నవు చెల్లె" అంది మెల్లగా.

మూకుడు ఎత్తుకెళ్లి ఎండలో బోర్లించాను. ఆమె చెప్పినట్టు పాపను పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టాను. కానీ అప్పటికే కుట్టిన దోమ ఏం చేసిందో ఎవరికి తెలుసు? పది రోజులు నుదురు పట్టి చూశాను. జ్వరం రాలేదు.

మా ఆయన మళ్లీ మగ్గంలో కూర్చున్న రోజు అత్తమ్మ గోడ పట్టుకుని వచ్చింది.

"ఇయ్యాల నీళ్లు మార్చినవా?"

"మార్చిన అత్తమ్మా. తోమి, ఎండబెట్టి పోసిన."

అయినా ఆమె వంగి, ముడవని వేళ్లతో మూకుడు అడుగు తడిమి చూసింది.