ముందు సీటు తీయించిన కారు

నిర్మల్ ఘాటులో జీపు బోల్తాపడి నా ఎడమ కాలు తొడ దాకా తీసేశారు. అది జరిగిన రెండేళ్లకు, ఒంటికాలితో నడపగలిగే కారు కోసం నా భార్యతో కలిసి కరీంనగర్ వెళ్లాను. నేను ఆదిలాబాద్ జిల్లాలో పశువుల డాక్టరును. చంకకర్రలతో బస్సులెక్కి ఊళ్లు తిరగడం నా వల్ల కావడం లేదు.

అక్కడ ఒక ముసలి మెకానిక్ షెడ్డులో పాత కార్లు రెండున్నాయి. నల్లదాని ఇంజను బాగుంది గానీ గేరు కింద ఉంది, సీటు మరీ లోతు. కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి. బూడిదరంగు దానికి తలుపు వెడల్పు, సీటు ఎత్తు, గేరు స్టీరింగు పక్కనే.

"గిది తీస్కోండ్రి సార్. సైకిల్ బ్రేకు లెక్క ఒక పిడి చేసి గేరు కడ్డీకే బిగిస్త. గదే మీ క్లచ్చు. ఎడమ చెయ్యి తోటే రెండు పనులైతయి. ఫికర్ చెయ్యకుండ్రి."

ఎక్కి కూర్చున్నాను. లేని పాదం తనంతట తాను క్లచ్చు మీదికి పోయింది. పెడలు రబ్బరు గీతలు అరికాలికి తెలిశాయి. చూపు పక్క సీటు మీదికి పోయింది.

"ఈ ఎడమ సీటు తీసెయ్యండి. కర్రలు పెట్టుకోవాలె" అన్నాను.

"మంచి ఉపాయం సార్" అని ఆయన మెచ్చుకున్నాడు. నా భార్య మొహం తిప్పుకుంది. కర్రలు వెనక సీట్లో సుఖంగా పడతాయి. పక్క సీట్లో ఎవరు కనిపిస్తారని నాకు భయమో ఆమెకు తెలుసు.

ఆ రోజు జీపు నడిపింది నేనే. మా ఆఫీసు డ్రైవరు వద్దంటున్నా వినకుండా తాళం లాక్కున్నాను. అతను నా పక్కన కూర్చున్నాడు. రెండో మలుపు దగ్గర "జర మెల్లగ పోండ్రి సార్" అన్నాడు. నవ్వి ఇంకా వేగంగా పోనిచ్చాను. అతను అక్కడికక్కడే చనిపోయాడు. ఆసుపత్రిలో నాకు తెలివి వచ్చేసరికి, డ్రైవరు నిద్రపోవడం వల్ల ప్రమాదం జరిగిందని పంచనామా రాసేశారు. అంతేనా అని నన్నడిగితే తలూపాను.

కారు చేతికొచ్చిన నెలకు ఒక్కణ్ణే నడుపుకుంటూ ఇచ్చోడ పోయాను. డ్రైవరు ఇల్లు అక్కడే. నేను కర్రల మీద దిగడం చూసి అతని భార్య రెండు చేతులూ జోడించింది.

"మా ఆయన నిద్రవోయి మీ కాలు తీసిండు సారూ. మాఫ్ చెయ్యిండ్రి. ఊళ్లె తలెత్తుకోలేకపోతున్న."

కారుకు ఆనుకున్నాను.

"నడిపింది నేనమ్మా. ఆయన నిద్రపోలే. మెల్లగ పొమ్మన్నడు. నేనే ఇనలే."

ఆమె ఏడవలేదు. జోడించిన చేతులు విడదీసి కొంగుకు తుడుచుకుంది.

"రెండేండ్లు గీ మాట ఏడ దాసుకున్నవ్?" అంది. ఆమె మాటలో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "లోపటికి రా. మా అత్తకు చెప్పు. ఆమె కొడుకు పేరు గూడ తీస్తలేదు."

ముసలామెకు చూపు లేదు. కర్రలు గోడకు ఆనించి, నేల మీదికి జారి కూర్చుని, మొత్తం చెప్పాను. ఆమె తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు నిద్రవోలేనా?"

"పోలే అవ్వా."

"మెలకువతోనే ఉన్నడా?"

"ఉన్నడు."

మళ్లీ అదే అడిగింది. మళ్లీ చెప్పాను. ఎన్నిసార్లో లెక్కలేదు. చివరికి కొడుకును పేరు పెట్టి పిలుస్తూ గట్టిగా ఏడ్చింది. కోడలు గడపలో నిలబడి వింటూ ఉండిపోయింది.

మర్నాడు నిజం రాసి పై అధికారులకిచ్చాను. కేసు నడిచింది, ఉద్యోగం పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ కారులోనే ఊరూరా తిరిగి పశువులకు వైద్యం చేశాను. ఇచ్చోడ మీదుగా పోయినప్పుడు ఒక్కోసారి డ్రైవరు భార్య పత్తి చేలో కనిపించేది. నడుమెత్తి, కారు దాటిపోయేదాకా చూసేది. ఆపమని ఏనాడూ చెయ్యెత్తలేదు. ఆపే ధైర్యం నాకూ రాలేదు.